సింగిల్టన్‌లో చిక్కుకున్న డీబీకాంటెక్స్ట్: ఉమ్మడి సర్వీసు ఆబ్జెక్టుల ఆయుష్షు గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందుగా చెబుతాను. ఒక కళాశాల ఫీజుల చెల్లింపు కోసం మీరు మైక్రోసాఫ్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో వెబ్ అప్లికేషన్ రాశారు. ప్రతి రిక్వెస్టుకూ కొత్త ఆబ్జెక్టు సృష్టించడం వృథా అన్న ఆలోచనతో, బకాయిని లెక్కించే ఫీజు సర్వీసును సింగిల్టన్‌గా, అంటే అన్ని రిక్వెస్టులకూ ఒకే ఆబ్జెక్టుగా, నమోదు చేశారు. ఆ సర్వీసు తన కన్‌స్ట్రక్టర్‌లో డేటాబేస్‌ను చదివి రాసే ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ లైబ్రరీకి చెందిన డీబీకాంటెక్స్ట్ అనే ఆబ్జెక్టును తీసుకుంటుంది. సింగిల్టన్ నుంచి స్కోప్డ్ (రిక్వెస్టుకొకటి) సర్వీసును వాడుకోవడం కుదరదని మొదట్లో ఎర్రర్ వస్తే, టీమ్‌లోని ఒక సీనియర్ సలహా మీద డీబీకాంటెక్స్ట్‌నూ దాని ఆప్షన్స్‌నూ రెండింటినీ ట్రాన్సియెంట్‌గా (అడిగిన ప్రతిసారీ కొత్తది) మార్చారు, ఎర్రర్ మాయమైంది. ఫీజు గడువు చివరి రోజున మాత్రం రెండు సంగతులు బయటపడ్డాయి. మునుపటి పని పూర్తికాకముందే అదే కాంటెక్స్ట్ మీద రెండో పని మొదలైందన్న ఎర్రర్ మధ్యమధ్యలో రావడం ఒకటి, ఒక విద్యార్థి తెరమీద మరొక విద్యార్థి బకాయి కనిపించడం రెండోది. ఇప్పుడు అన్నింటినీ ట్రాన్సియెంట్ చేసేయాలా, లేక సర్వీసులకు కావలసిన ఆబ్జెక్టులను కంటైనర్ సృష్టించి అందించే డిపెండెన్సీ ఇంజెక్షన్‌నే పక్కనపెట్టి స్టాటిక్ క్లాసులు రాసుకోవాలా అని అడిగారు.

రెండూ అక్కరలేదు. ఫీజు సర్వీసునూ డీబీకాంటెక్స్ట్‌నూ స్కోప్డ్‌గా నమోదు చేయండి. సర్వీసులో పెట్టుకున్న ‘ప్రస్తుత విద్యార్థి’ అనే ఫీల్డును తీసేసి, విద్యార్థి ఐడీని ప్రతి మెథడ్‌కూ ఆర్గ్యుమెంట్‌గా పంపండి. సర్వర్ ఈ రోజుకు నిలబడడానికి ఇంత చాలు. అయితే ఈ మార్పు ఎందుకు పనిచేస్తుందో తెలియకపోతే ఇదే తప్పు మరో సర్వీసులో మరో రూపంలో తిరిగి వస్తుంది కాబట్టి, మిగతాది కొంత విడమరచి రాస్తున్నాను.

కంటైనర్‌లో సర్వీసును నమోదు చేసేటప్పుడు మనం దాని ఆయుష్షును నిర్ణయిస్తున్నాం. సింగిల్టన్‌గా నమోదైన ఆబ్జెక్టు ఎవరో ఒకరు మొదటిసారి అడిగినప్పుడు పుట్టి, ప్రాసెస్ ఆగేదాకా బతికి, అన్ని రిక్వెస్టులకూ అన్ని థ్రెడ్లకూ ఉమ్మడిగా పనిచేస్తుంది. స్కోప్డ్ ఆబ్జెక్టు ఒక స్కోప్‌కు ఒకటి. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ ప్రతి హెచ్‌టీటీపీ రిక్వెస్టుకూ ఒక స్కోప్ తెరిచి, రిక్వెస్టు ముగియగానే దాన్ని మూసి, అందులో పుట్టిన డిస్పోజబుల్ ఆబ్జెక్టులన్నింటినీ డిస్పోజ్ చేస్తుంది. ట్రాన్సియెంట్ అడిగిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. పెళ్ళి భోజనాల్లో గుండిగ అందరికీ ఒకటే, విస్తరి మాత్రం ఎవరిది వారిదే, పంక్తి లేవగానే తీసేస్తారు. మీ అప్లికేషన్‌లో జరిగినదేమిటంటే మొదటి అతిథి తిన్న విస్తరిని తీయకుండా, అదే ఎంగిలి విస్తరిలో ఆ తర్వాత వచ్చినవారందరికీ వడ్డించడం, అదీ ఒకేసారి.

ఇక ట్రాన్సియెంట్‌గా మార్చమన్న సలహా సంగతి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత దానికి సరిగ్గా సరిపోతుంది. ట్రాన్సియెంట్ అంటే ప్రతి వాడుకకూ కొత్త ఆబ్జెక్టు అని చాలామంది అనుకుంటారు. నిజానికి కంటైనర్‌ను అడిగిన ప్రతిసారీ కొత్తది వస్తుంది, అంతే. మీ ఫీజు సర్వీసు కన్‌స్ట్రక్టర్ ప్రాసెస్ జీవితంలో ఒక్కసారే నడుస్తుంది కాబట్టి కంటైనర్‌ను అడిగేది కూడా ఆ ఒక్కసారే. అప్పుడు చేతికొచ్చిన డీబీకాంటెక్స్ట్ పేరుకు ట్రాన్సియెంట్ అయినా, దాన్ని పట్టుకున్న సింగిల్టన్ ఎంతకాలం బతికితే అంతకాలం బతుకుతుంది. ఎక్కువకాలం బతికే ఆబ్జెక్టు చేతిలో తక్కువకాలం బతకవలసిన ఆబ్జెక్టు ఇలా బందీ కావడాన్ని, డిపెండెన్సీ ఇంజెక్షన్ మీద పుస్తకం రాసిన మార్క్ సీమన్ 2014లో క్యాప్టివ్ డిపెండెన్సీ అని పేరు పెట్టి వివరించారు. ఆ పేరే స్థిరపడింది. కంటైనర్ చేసే స్కోప్ తనిఖీ సింగిల్టన్ చేతిలో స్కోప్డ్ సర్వీసు పడిందా అన్నది మాత్రమే చూస్తుంది, ట్రాన్సియెంట్ పడితే అభ్యంతరం చెప్పదు. ఎందుకంటే ఏ స్థితీ లేని చిన్న ట్రాన్సియెంట్ ఆబ్జెక్టును సింగిల్టన్ పట్టుకుని ఉండడంలో తప్పేమీ ఉండకపోవచ్చు, ఆ తేడా కంటైనర్‌కు తెలియదు. కాబట్టి మీరు చేసిన మార్పు తప్పును అలాగే ఉంచి, దాన్ని పట్టుకోగల ఒకే ఒక్క కాపలాదారును పంపించేసింది.

ఆ తనిఖీ గురించి మరొక మాట. అది మామూలుగా డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్‌లో మాత్రమే నడుస్తుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టకపోతే ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ దాన్ని ప్రొడక్షన్‌గానే భావిస్తుంది కాబట్టి, విజువల్ స్టూడియో నుంచి నడిపినప్పుడు కనిపించిన ఎర్రర్ అదే కోడ్‌ను డాకర్‌లో నడిపినప్పుడు కనిపించకపోవచ్చు. అక్కడ స్కోప్డ్ సర్వీసు రూట్ కంటైనర్ నుంచి పుట్టి, ఏ గొడవా లేకుండా సింగిల్టన్‌లాగా బతికేస్తుంది. అందువల్ల స్కోప్ తనిఖీని ప్రొడక్షన్‌లో కూడా ఆన్ చేసి ఉంచడమే మంచిదని నా అభిప్రాయం; దానికయ్యే ఖర్చు ఒక డేటాబేస్ క్వెరీ ముందు లెక్కలోకి రాదు. డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి కంటైనర్‌ను నిర్మించే సమయంలోనే నమోదులన్నింటినీ తనిఖీ చేసే వెసులుబాటు కూడా ఉంది. ఈ రెండింటినీ ఆన్ చేసి, కంటైనర్‌ను నిర్మించి వదిలేసే ఒక చిన్న యూనిట్ టెస్ట్ రాసుకోండి. ఆయుష్షు పొరపాట్లలో ఎక్కువ భాగం కోడ్ మెర్జ్ కాకముందే దొరుకుతాయి. లాంబ్డాతో ఆబ్జెక్టును నిర్మించే నమోదుల లోపలికీ, ఓపెన్ జనరిక్ నమోదుల లోపలికీ మాత్రం నిర్మాణ సమయపు తనిఖీ తొంగిచూడలేదు. అవి మీరే చూసుకోవాలి.

మీకు కనిపించిన రెండు లక్షణాలూ రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది డీబీకాంటెక్స్ట్‌ది. అది ఒకేసారి ఒకటికంటే ఎక్కువ థ్రెడ్లు వాడుకోవడానికి తయారైనది కాదు. రెండు రిక్వెస్టులు ఒకే కాంటెక్స్ట్ మీద ఒకే క్షణంలో క్వెరీ నడిపితే, గుర్తించగలిగినప్పుడు ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ మీరు చూసిన ఎర్రర్ ఇస్తుంది. గుర్తించగలిగినప్పుడు అన్న మాట గమనించండి. ప్రతిసారీ గుర్తిస్తుందన్న హామీ లేదు, గుర్తించనప్పుడు ఏం జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఆ ఎర్రర్ వచ్చిన రిక్వెస్టులు నిజానికి అదృష్టవంతులవి.

రిక్వెస్టులు ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చినా కూడా ఉమ్మడి డీబీకాంటెక్స్ట్ ప్రమాదకరమేనన్నది చాలామంది గమనించని విషయం. చదివిన ప్రతి ఎంటిటీనీ కాంటెక్స్ట్ తన ఛేంజ్ ట్రాకర్‌లో గుర్తుపెట్టుకుంటుంది. అదే ఐడీతో మళ్ళీ ట్రాకింగ్ క్వెరీ నడిపితే, క్వెరీ డేటాబేస్ వరకూ వెళ్ళి కొత్త విలువలు తెచ్చినా, ముందే ట్రాక్ అవుతున్న పాత ఆబ్జెక్టునే పాత విలువలతో చేతికిస్తుంది. ఉదయం అకౌంట్స్ సెక్షన్‌లో వేరే ప్రోగ్రాం ద్వారా కట్టిన ఫీజు సాయంత్రం దాకా మీ వెబ్‌సైటులో బకాయిగానే కనిపిస్తుంటే, కారణం ఇదే కావచ్చు. ట్రాకర్ ఖాళీ కాదు కాబట్టి మెమరీ కూడా పెరుగుతూనే పోతుంది. వీటన్నింటికంటే భయపడవలసినది మరొకటి ఉంది. ఒక రిక్వెస్టు ఒక విద్యార్థి రికార్డులో ఫీజు మొత్తాన్ని మార్చి, ఆ తర్వాత ఏదో నిబంధన కుదరక సేవ్ చేయకుండా వెనుదిరిగిందనుకోండి. ఆ మార్పు ట్రాకర్‌లో అలాగే మిగిలి ఉంటుంది. కాసేపటికి మరో విద్యార్థి రిక్వెస్టు తన చెల్లింపును నమోదు చేస్తూ, ట్రాకర్‌లోని మార్పులను డేటాబేస్‌లో రాసే సేవ్‌ఛేంజెస్ పిలిస్తే, తనదానితోపాటు ఆ అనాథ మార్పు కూడా డేటాబేస్‌లోకి వెళ్ళిపోతుంది. లాగ్‌లో ఎర్రర్ ఉండదు. ఎవరూ ఆమోదించని మొత్తం ఒకటి రికార్డులో ఉంటుంది.

రెండో జబ్బు మీ ఫీల్డుది. దానికి డీబీకాంటెక్స్ట్‌తో సంబంధం లేదు, కాంటెక్స్ట్‌ను బాగుచేసి సర్వీసును సింగిల్టన్‌గానే ఉంచినా అది అలాగే ఉంటుంది. మీ మెథడ్ ముందుగా ప్రస్తుత విద్యార్థిని ఫీల్డులో పెడుతుంది, తర్వాత ఎవెయిట్‌తో డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూస్తుంది, జవాబు వచ్చాక ఆ ఫీల్డును చూసి బకాయి లెక్కిస్తుంది. ఎదురుచూస్తున్న ఆ కొద్ది మిల్లీసెకన్లలో మరో రిక్వెస్టు వచ్చి అదే ఫీల్డులో తన విద్యార్థిని పెట్టేస్తుంది. మామూలు రోజుల్లో ఇద్దరు ఆ సందులో కలుసుకోవడం అరుదు కాబట్టి నెలల తరబడి బయటపడదు. చివరి రోజున అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి అప్పుడే బయటపడుతుంది. డెవలపర్ తన యంత్రం మీద ఒంటరిగా పరీక్షిస్తే ఎప్పటికీ కనపడదు. ఫీల్డును థ్రెడ్‌కు పరిమితం చేస్తే పోతుందని కొందరు సలహా ఇస్తారు, వినకండి. ఎవెయిట్ తర్వాత మిగిలిన కోడ్ అదే థ్రెడ్ మీద కొనసాగుతుందన్న నియమం ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో లేదు.

ఒకసారి ఒకరినే లోపలికి వదిలే లాక్ వేస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. సీ షార్ప్‌లో లాక్ బ్లాకు లోపల ఎవెయిట్ రాయనివ్వరు, కంపైలరే ఆపుతుంది. ఎవెయిట్‌ను అనుమతించే లాక్ లాంటి సెమఫోర్‌స్లిమ్‌తో ఆ అడ్డంకి దాటవచ్చు. దాటిన తర్వాత ఏమవుతుందో నేను దగ్గరుండి చూశాను. గతంలో నేను పనిచేసిన ఒకచోట ఇలాంటి సర్వీసు చుట్టూ సెమఫోర్ పెట్టి, తప్పు డేటా రావడం ఆగింది కదా అని సంతోషించాం. రద్దీ పెరిగిన రోజున అప్లికేషన్ మొత్తం ఒక్క కౌంటరున్న రైల్వే బుకింగ్ ఆఫీసులా తయారైంది. సర్వర్ సీపీయూ ఖాళీగా ఉంది, డేటాబేస్ ఖాళీగా ఉంది, వాడుకదారులు మాత్రం టైమౌట్లు చూస్తున్నారు. ఆ సెమఫోర్‌ను తీసి సర్వీసును స్కోప్డ్ చేయడానికి మాకు పట్టిన సమయం, దాన్ని పెట్టడానికి పట్టిన సమయంకంటే తక్కువ.

ఆయుష్షును ఎంచుకునేటప్పుడు కొత్త ఆబ్జెక్టుకు ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్నతో మొదలుపెట్టడమే చాలామందిని దారి తప్పిస్తుంది. ఈ ఆబ్జెక్టు లోపలున్న స్థితి ఎవరిది, దాన్ని ఒకే సమయంలో ఇంకెవరు తాకుతారు అన్నదే ముందు అడగవలసిన ప్రశ్న. స్థితి ఒక రిక్వెస్టుదైతే స్కోప్డ్. స్థితి అప్లికేషన్ మొత్తానిదై, ఒకేసారి పలు థ్రెడ్లు తాకినా చెడనిదైతే సింగిల్టన్. స్థితే లేకపోతే ఏదైనా ఒకటే. అలాంటప్పుడు నేను అది వాడుకునే మిగతా సర్వీసుల ఆయుష్షును చూసి, సందేహం ఉంటే స్కోప్డ్ వైపే మొగ్గుతాను. రేపు ఎవరో ఆ సర్వీసు కన్‌స్ట్రక్టర్‌లో డీబీకాంటెక్స్ట్‌ను చేర్చినా అప్పుడు ఏమీ కూలదు.

కొత్త ఆబ్జెక్టు వృథా అనుకున్నారు కాబట్టి ఖర్చు సంగతి చెబుతున్నాను. రెండు మూడు ఫీల్డులున్న సర్వీసు ఆబ్జెక్టును సృష్టించడం, రిక్వెస్టు ముగిశాక గార్బేజ్ కలెక్టర్ దాన్ని ఏరిపారేయడం, రెండూ కలిపినా ఒక డేటాబేస్ క్వెరీకి నెట్‌వర్క్ మీద పట్టే సమయంలో లెక్కకు రానంత చిన్న భాగం. కొత్త డీబీకాంటెక్స్ట్ అంటే కొత్త డేటాబేస్ కనెక్షన్ అన్న భయం కూడా ఉంటుంది. కనెక్షన్లను కింద ఏడీఓ డాట్‌నెట్ పూల్ చేసి మళ్ళీ మళ్ళీ ఇస్తుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్ విషయంలో ఆ పూల్ గరిష్ఠ పరిమితి మామూలుగా 100. కాంటెక్స్ట్ సృష్టించే ఖర్చే నిజంగా ఇబ్బంది పెడుతోందని కొలిచి తేల్చుకుంటే, కాంటెక్స్ట్‌లనే పూల్ చేసే నమోదు పద్ధతి ఉంది. అది రిక్వెస్టు ముగియగానే కాంటెక్స్ట్‌ను శుభ్రం చేసి పక్కన పెట్టి తర్వాతివారికిస్తుంది. మీరు మీ డీబీకాంటెక్స్ట్ క్లాసులో సొంతంగా పెట్టుకున్న ఫీల్డులను మాత్రం అది శుభ్రం చేయదు. ఇప్పుడే ఫీల్డు వల్ల దెబ్బతిన్నారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

ఇంత చెప్పాక అన్నీ స్కోప్డ్ లేదా ట్రాన్సియెంట్ చేసేద్దామనుకోవడం రెండో వైపు తప్పు. కొన్ని ఆబ్జెక్టులు ఉమ్మడిగా ఉండడానికే పుట్టాయి. మెమరీ క్యాష్ రిక్వెస్టుకొకటి ఉంటే అది క్యాష్ కానేకాదు. రెడిస్ అనే క్యాష్ సర్వర్‌కు వాడే స్టాక్ఎక్స్‌ఛేంజ్ లైబ్రరీలోని కనెక్షన్ మల్టిప్లెక్సర్‌ను, మాంగోడీబీ క్లయింటును అప్లికేషన్ అంతటికీ ఒకటి పెట్టుకుని పంచుకోవాలని వాటి రూపకర్తలే చెబుతారు. కనెక్షన్ల పూల్ వాటి లోపలే ఉంటుంది, పదేపదే కొత్తవి సృష్టిస్తే ఆ పూల్ వల్ల ప్రయోజనమే ఉండదు. జేసన్ సీరియలైజర్ ఆప్షన్స్ ఆబ్జెక్టు కూడా అలాంటిదే, టైపుల గురించి ఒకసారి తెలుసుకున్నది తనలోనే దాచుకుంటుంది.

ఈ కోవలో కాస్త ఆగి చూడవలసినది బయటి వెబ్ సర్వీసులను పిలవడానికి వాడే హెచ్‌టీటీపీ క్లయింట్. మీ అప్లికేషన్ పేమెంట్ గేట్‌వేతో మాట్లాడుతుంది కాబట్టి ఇది మీకు నేరుగా తగులుతుంది. ప్రతి రిక్వెస్టుకూ కొత్త హెచ్‌టీటీపీ క్లయింట్ సృష్టించి డిస్పోజ్ చేస్తే, మూసిన టీసీపీ కనెక్షన్ వెంటనే పోదు. విండోస్‌లో మామూలుగా 240 సెకన్లపాటు టైమ్ వెయిట్ స్థితిలో పోర్టును పట్టుకుని ఉంటుంది, రద్దీలో పోర్టులే అయిపోతాయి. సరే అని ఒకే క్లయింటును సింగిల్టన్‌గా పెట్టుకుంటే, తెరిచిన కనెక్షన్లనే వాడుతూ పోతుంది కాబట్టి గేట్‌వేవారు డీఎన్ఎస్‌లో చిరునామా మార్చినా పాత చిరునామాకే అంటిపెట్టుకుంటుంది. ఈ రెండు గోతుల మధ్య దారిగా 2018లో ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ 2.1తో హెచ్‌టీటీపీ క్లయింట్ ఫ్యాక్టరీ వచ్చింది. పైన కనిపించే క్లయింట్ చిన్న ట్రాన్సియెంట్ ఆబ్జెక్టు. ఖరీదైన హ్యాండ్లర్ మాత్రం ఫ్యాక్టరీ దగ్గర ఉమ్మడిగా ఉండి, మామూలుగా రెండు నిమిషాలకోసారి మారుతుంది. ఇక్కడా అదే బందీ సమస్య పొంచి ఉంది. టైప్డ్ క్లయింటును (ఫ్యాక్టరీ క్లయింటును లోపల పెట్టుకున్న మీ క్లాసు) సింగిల్టన్ సర్వీసు కన్‌స్ట్రక్టర్‌లో తీసుకున్నారంటే, దాని కింది హ్యాండ్లర్ ఎప్పటికీ మారదు, పాత డీఎన్ఎస్ సమస్య చెప్పాపెట్టకుండా తిరిగి రావచ్చు. సింగిల్టన్‌కు గేట్‌వే అవసరమైతే ఫ్యాక్టరీని తీసుకుని అవసరమైన ప్రతిసారీ క్లయింటును అడగాలి, లేదా సాకెట్స్ హెచ్‌టీటీపీ హ్యాండ్లర్‌లో కనెక్షన్ ఆయుష్షును నిర్ణయించి ఒకే క్లయింటును వాడుకోవాలి.

సింగిల్టన్‌కు నిజంగానే డేటాబేస్ అవసరమయ్యే సందర్భాలుంటాయి. ప్రతి రాత్రీ బకాయిదారులకు ఎస్ఎంఎస్ పంపే బ్యాక్‌గ్రౌండ్ సర్వీసును తీసుకోండి. ఇలాంటి హోస్టెడ్ సర్వీసులు సింగిల్టన్లుగానే నమోదవుతాయి, వాటి చుట్టూ హెచ్‌టీటీపీ రిక్వెస్టు ఉండదు కాబట్టి స్కోప్ తెరిచిపెట్టేవారూ ఉండరు. అక్కడ సర్వీస్ స్కోప్ ఫ్యాక్టరీని కన్‌స్ట్రక్టర్‌లో తీసుకుని, స్కోప్‌ను మీరే తెరిచి, దాని నుంచి డీబీకాంటెక్స్ట్‌ను అడిగి, పని అయ్యాక స్కోప్‌ను మూయాలి. స్కోప్‌ను లూప్ బయట ఒకసారి తెరిచి లూప్ అంతా వాడుకోవడం నేను కోడ్ రివ్యూల్లో తరచూ చూసే తప్పు. అది మరో పేరుతో సింగిల్టన్ డీబీకాంటెక్స్టే. ప్రతి విడతకూ, అంటే ప్రతి రాత్రి పరుగుకో ప్రతి వంద మంది బ్యాచికో, ఒక కొత్త స్కోప్ ఉండాలి. డేటాబేస్ తప్ప మరే స్కోప్డ్ సర్వీసూ అక్కరలేకపోతే, 2020లో ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ 5.0తో వచ్చిన డీబీకాంటెక్స్ట్ ఫ్యాక్టరీ ఇంకా సులువు. ఆ ఫ్యాక్టరీ మామూలుగా సింగిల్టన్‌గా నమోదవుతుంది, అది ఇచ్చిన కాంటెక్స్ట్‌ను డిస్పోజ్ చేసే బాధ్యత మాత్రం మీది.

దీనికి అద్దంలాంటి తప్పు మరొకటి. విద్యార్థికి జవాబు త్వరగా పంపాలని, రసీదు ఈమెయిల్‌ను టాస్క్ డాట్ రన్‌తో విడిగా వదిలేసి, ఆ పనిలో అదే రిక్వెస్టు డీబీకాంటెక్స్ట్‌ను వాడతారు. జవాబు వెళ్ళగానే స్కోప్ మూతపడుతుంది, వెనక నడుస్తున్న పనికి డిస్పోజ్ అయిన కాంటెక్స్ట్ మిగులుతుంది. అలాంటి పనిని క్యూలో వేసి, బ్యాక్‌గ్రౌండ్ సర్వీసు తన సొంత స్కోప్‌లో చేసేలా చూడండి.

ప్రతి రిక్వెస్టూ దాటి వెళ్ళే మిడిల్‌వేర్ రాసేవారు గుర్తుంచుకోవలసినది ఒక్కటే: మామూలు మిడిల్‌వేర్ క్లాసు కన్‌స్ట్రక్టర్ అప్లికేషన్ మొదలైనప్పుడు ఒక్కసారే నడుస్తుంది. స్కోప్డ్ సర్వీసు కావాలంటే దాన్ని ఇన్‌వోక్ మెథడ్ ఆర్గ్యుమెంట్‌గా తీసుకోవాలి. సెట్టింగుల విషయంలో ఐఆప్షన్స్ స్నాప్‌షాట్ స్కోప్డ్, ఐఆప్షన్స్ మానిటర్ సింగిల్టన్. నడుస్తుండగా మారే సెట్టింగులను సింగిల్టన్ లోపల చదవడానికి రెండోదే దారి. లాగిన్ అయిన వ్యక్తి ఎవరో సింగిల్టన్‌లో తెలియాలంటే హెచ్‌టీటీపీ కాంటెక్స్ట్ యాక్సెసర్‌ను తీసుకోవచ్చు, అది ప్రతి రిక్వెస్టు ప్రవాహానికీ విడిగా విలువను మోస్తుంది. దాని నుంచి కాంటెక్స్ట్‌ను తీసి ఫీల్డులో దాచుకుంటే మాత్రం మళ్ళీ మీ ‘ప్రస్తుత విద్యార్థి’ కథే.

ఉమ్మడి ఆబ్జెక్టు అనుకున్నది తెలియకుండా రెండు కావడం కూడా జరుగుతుంది. ఒకే క్లాసును రెండు ఇంటర్‌ఫేసుల కింద విడివిడిగా సింగిల్టన్‌గా నమోదు చేస్తే కంటైనర్ రెండు ఆబ్జెక్టులు సృష్టిస్తుంది. ఒక ఇంటర్‌ఫేస్ ద్వారా క్యాష్‌లో రాసినది రెండో ఇంటర్‌ఫేస్ ద్వారా చదివేవారికి కనపడదు. ముందుగా క్లాసునే సింగిల్టన్‌గా నమోదు చేసి, రెండు ఇంటర్‌ఫేసులనూ దానివైపే చూపించాలి. నమోదుల మధ్యలో ఏదో సెట్టింగు అవసరమై బిల్డ్ సర్వీస్ ప్రొవైడర్ పిలవడం ఇదే జాతికి చెందిన తప్పు. అక్కడ రెండో కంటైనర్ పుడుతుంది, దానితోపాటు ప్రతి సింగిల్టన్‌కూ రెండో ప్రతి పుట్టే అవకాశం ఉంటుంది. కంపైలర్ హెచ్చరిక ఇస్తుంది, కానీ హెచ్చరికలు చదివే టీమ్‌లు ఎన్ని?

మీ అన్నింటినీ ట్రాన్సియెంట్ చేయాలా అన్న ప్రశ్నకు మిగిలిన ఒక్క కారణం కూడా చెప్పేస్తాను. ట్రాన్సియెంట్ సర్వీసు డిస్పోజబుల్ అయితే, దాన్ని తర్వాత డిస్పోజ్ చేయడం కోసం కంటైనర్ గుర్తుపెట్టుకుంటుంది. రిక్వెస్టు స్కోప్‌లో అడిగితే రిక్వెస్టు చివర్లో పోతుంది. రూట్ కంటైనర్ నుంచి పదేపదే అడిగితే అవన్నీ ప్రాసెస్ ముగిసేదాకా మెమరీలో పేరుకుంటాయి. అదీగాక ఒకే రిక్వెస్టులో ఫీజు సర్వీసుకు ఒక డీబీకాంటెక్స్ట్, రసీదు సర్వీసుకు మరో డీబీకాంటెక్స్ట్ వస్తే, రెండింటి మార్పులూ ఒకే సేవ్‌ఛేంజెస్‌లో కలిసి వెళ్ళవు. చెల్లింపు నమోదై రసీదు నమోదు కాకపోవడమన్నది మీ అప్లికేషన్‌లో ఎంత తలనొప్పో మీకే తెలుసు. స్కోప్డ్‌లో ఇద్దరికీ ఒకే కాంటెక్స్ట్ అందుతుంది, ఒకే ట్రాన్సాక్షన్‌లో వెళుతుంది. స్కోప్డ్ అన్న ఆయుష్షు అవసరం ఏమిటో ఇక్కడే బాగా అర్థమవుతుంది.

స్టాటిక్ క్లాసుల ఆలోచన ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడంలాంటిది. స్టాటిక్ ఫీల్డు ఆయుష్షు విషయంలో సింగిల్టన్‌కు కవల సోదరి, మీకు కనిపించిన రెండు జబ్బులూ దానికి యథాతథంగా వస్తాయి. పోయేదల్లా, ఈ సర్వీసు ఏమేమి వాడుకుంటుందో కన్‌స్ట్రక్టర్ చూసి చెప్పగలిగే వీలు, టెస్టులో నకిలీ గేట్‌వేను పెట్టగలిగే వీలు, తప్పు నమోదును కంటైనర్ పట్టుకోగలిగే వీలు. 2004లో మార్టిన్ ఫౌలర్ డిపెండెన్సీ ఇంజెక్షన్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చినప్పటి నుంచి దానిమీద వచ్చిన విమర్శల్లో కొన్ని సబబైనవే, చిన్న స్క్రిప్టుకు కంటైనర్ అనవసరమే. మీ అప్లికేషన్ చిన్న స్క్రిప్టు కాదు. స్థితి లేని గణితం, అంటే ఆలస్య రుసుము శాతాన్ని లెక్కించే ఫంక్షన్ లాంటివి, నిస్సందేహంగా స్టాటిక్‌గా రాసుకోవచ్చు.

మీ సహోద్యోగుల్లో జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ నుంచి వచ్చినవారుంటే వారికి ఒక మాట ముందే చెప్పి ఉంచండి. అక్కడ ఆయుష్షు పేర్కొనకపోతే బీన్ (అక్కడి సర్వీసు ఆబ్జెక్టు) సింగిల్టనే అవుతుంది, ఆ అలవాటు ఇక్కడికి మోసుకొచ్చే ప్రమాదం ఉంది. వెబ్ పేజీలను సర్వర్ నుంచే నిరంతర కనెక్షన్ మీద నడిపే బ్లేజర్ సర్వర్‌కు మారే ఆలోచన ఉంటే అక్కడ స్కోప్ అంటే హెచ్‌టీటీపీ రిక్వెస్టు కాదు, వాడుకదారుడు ట్యాబ్ తెరిచి ఉంచినంతసేపూ నడిచే సర్క్యూట్. అందుకే అక్కడ స్కోప్డ్ డీబీకాంటెక్స్ట్ బదులు ఫ్యాక్టరీని వాడతారు.

మీరు ప్రస్తావించినా ప్రశ్నగా అడగని సంగతి ఒకటుంది: రసీదు నంబరును సింగిల్టన్‌లోని కౌంటరుతో పెంచుతున్నారు. ఇంటర్‌లాక్డ్‌తో పెంచినందువల్ల థ్రెడ్ల మధ్య అది సురక్షితమే. కానీ సింగిల్టన్ అంటే ప్రాసెస్‌కు ఒకటి, అప్లికేషన్‌కు ఒకటి కాదు. రేపు రద్దీ కోసం రెండో సర్వర్ పెడితే రెండు కౌంటర్లు, రెండు ఒకే నంబరు రసీదులు. ఒక్క సర్వర్ ఉన్నా విండోస్ వెబ్ సర్వర్ అయిన ఐఐఎస్ అప్లికేషన్ పూల్‌ను రీసైకిల్ చేసేటప్పుడు కొద్దిసేపు పాత ప్రాసెస్, కొత్త ప్రాసెస్ పక్కపక్కనే నడవవచ్చు. మామూలు అమరికలో ఆ రీసైకిల్ 1740 నిమిషాలకోసారి జరుగుతుంది, 20 నిమిషాలు ఎవరూ రాకపోతే ప్రాసెస్ ఆగిపోతుంది కూడా. నంబరును డేటాబేస్ సీక్వెన్స్‌కు అప్పగించండి.

ఇక కోడ్ మార్చి డిప్లాయ్ చేయడానికి ముందే మొదలుపెట్టవలసిన పని ఒకటుంది. పైన చెప్పిన అనాథ మార్పులు ఆ చివరి రోజున డేటాబేస్‌లోకి వెళ్ళి ఉండే అవకాశం నిజమైనది, వాటికి లాగ్‌లో ఆనవాలు ఉండదు. డీబీకాంటెక్స్ట్ ట్రాన్సియెంట్‌గా మారిన వెర్షన్ ఎప్పుడు డిప్లాయ్ అయిందో చూసి, ఆ తేదీ నుంచి మారిన ప్రతి ఫీజు రికార్డునూ పేమెంట్ గేట్‌వే ఇచ్చే సెటిల్‌మెంట్ రిపోర్టుతో పోల్చండి. గేట్‌వేలో చెల్లింపు లేకుండా బకాయి తగ్గిన రికార్డులను ముందు పక్కకు తీయండి, ఆ తర్వాత చెల్లింపు ఉండి బకాయి తగ్గనివి. అకౌంట్స్ సెక్షన్‌వారికి ఈ సంగతి ఇవాళే తెలియజేయండి. హాల్ టికెట్లు ఆపేసే జాబితా వారి దగ్గరే తయారవుతుంది.